వైద్యం ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది: ఎదుగుతున్న దేశాల లెక్క

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఎదుగుతున్న దేశాల్లో ఆరోగ్యానికి అయ్యే ఖర్చు ఏటేటా పెరుగుతోంది కదా, ఇది మంచిదా ప్రమాదమా? జీడీపీలో ఇంత శాతం పెడితే చాలు అనే గీత ఏదైనా ఉందా? ఇన్ని బీమా పథకాలు వచ్చాక కూడా కుటుంబాలు వైద్యం కోసం అప్పులపాలు ఎందుకవుతున్నాయి? పీజీ ప్రాజెక్టు కోసమని రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పని ఇదే. ఇంటింటి సర్వేలు, ప్రభుత్వ బడ్జెట్ పద్దులు, బీమా క్లెయిములు అన్నీ ముందు వేసుకుని ఒక దేశంలో వైద్యానికి ఎంత డబ్బు పోయింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి చేరింది అని లెక్క తేల్చడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొత్తం ఖర్చు పెరిగిందన్న ఒక్క మాట పట్టుకుని సంతోషపడటానికీ లేదు, భయపడటానికీ లేదు. జబ్బు చేసిన రోజున ఆ మనిషే జేబులోంచి తీసి కట్టాడా, లేక ఒంట్లో బాగున్న రోజుల్లో అందరూ పన్నుగానో చందాగానో వేసి ఉంచిన ఉమ్మడి డబ్బులోంచి కట్టారా అన్నది చూడాలి. ఎదుగుతున్న దేశాల గత పాతికేళ్ల చరిత్రంతా ఆ జేబు నుంచి ఈ ఉమ్మడి సంచిలోకి డబ్బు మారడం గురించే. కొన్ని దేశాలు ఆ దారిలో చాలా దూరం వెళ్లాయి, కొన్ని సగంలో ఆగాయి, ఒకటి రెండు వెనక్కి కూడా వచ్చాయి.

ఖర్చు ఎందుకు పెరుగుతోందో త్వరగా చూద్దాం. ఆదాయం పెరిగితే వైద్యానికి పెట్టే డబ్బు పెరుగుతుంది. ఇది దాదాపు ప్రతి దేశంలోనూ కనిపించేదే. నిన్నటిదాకా ఓర్చుకున్న మోకాలి నొప్పికి ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్తారు. అందులో తప్పేమీ లేదు. రెండోది, వైద్యం మనుషులు చేసే పని. ఫ్యాక్టరీలో యంత్రాలు పెట్టి ఒక్కో వస్తువుకు పట్టే సమయం తగ్గించవచ్చు గానీ నర్సు రోగి పక్కన గడిపే సమయాన్ని అలా తగ్గించలేం. మిగతా రంగాల్లో జీతాలు పెరిగితే ఇక్కడా పెంచాలి. అందుకని మిగతా వస్తువులతో పోలిస్తే వైద్యం ఖరీదు పెరుగుతూనే ఉంటుంది. మూడోది కొత్త మందులు, కొత్త యంత్రాలు.

నాలుగో కారణం దగ్గర కాస్త ఆగాలి. జబ్బుల స్వభావమే మారిపోయింది. మలేరియా, విరేచనాలు, న్యుమోనియా లాంటివి వస్తే కొద్ది రోజులు మందులు వాడితే తేలిపోయేది. బీపీ, షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ అలా కావు. ఇవి ఏళ్ల తరబడి నెలనెలా డబ్బు తింటాయి. ధనిక దేశాలు ముందు ధనికం అయ్యాయి, తర్వాత ముసలివి అయ్యాయి. చైనా, థాయిలాండ్, బ్రెజిల్ లాంటి దేశాల్లో ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. పైగా పాత అంటువ్యాధులు పూర్తిగా పోనూ లేదు. ఒకే ఆస్పత్రి ఒక వార్డులో క్షయకీ పక్క వార్డులో గుండె ఆపరేషన్‌కీ డబ్బు వెతుక్కోవాలి.

ఇక మీ రెండో ప్రశ్న, జీడీపీలో శాతం. దీన్ని ఒంటరిగా నమ్మకండి. ప్రపంచం మొత్తం మీద 2019లో ఆరోగ్యానికి సుమారు 8.5 లక్షల కోట్ల డాలర్లు ఖర్చయింది, అది ప్రపంచ జీడీపీలో 9.8 శాతం. 2021 నాటికి అది 9.8 లక్షల కోట్ల డాలర్లు, 10.3 శాతం అయింది. అందులో దాదాపు 80 శాతం ధనిక దేశాలదే, జనాభాలో వాళ్లు ఆరో వంతు కూడా ఉండరు. కాబట్టి ప్రపంచ సగటు చూపించి మన దేశం ఇంత పెట్టాలి అని వాదించడం కుదరదు.

శాతం ఎలా తప్పుదారి పట్టిస్తుందో భారతదేశం లెక్కల్లోనే చూడండి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మొత్తం ఆరోగ్య ఖర్చు 2013-14లో జీడీపీలో 4 శాతం. 2018-19లో 3.2 శాతం. ఖర్చు పెట్టిన రూపాయలు తగ్గలేదు, జీడీపీ ఇంకా వేగంగా పెరిగింది. తర్వాత 2020-21లో ఒక్కసారిగా 3.7 శాతానికి ఎగబాకింది. కోవిడ్ ఖర్చు ఒక పక్క, కుంచించుకుపోయిన జీడీపీ ఇంకో పక్క. హారం తగ్గినా శాతం పెరుగుతుందని బడిలోనే నేర్చుకున్నాం, అయినా ఆ ఏడాది గీత పైకి లేవడం చూసి ఆరోగ్యానికి ప్రాధాన్యం పెరిగిందని రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను.

ఇంకో చిక్కు నిర్వచనాలది. చైనా సొంత లెక్కలో ఆరోగ్య ఖర్చు జీడీపీలో 7 శాతం దగ్గర ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అంతకంటే బాగా తక్కువ. ఆస్పత్రి భవనాలు, యంత్రాల మీద పెట్టే పెట్టుబడిని కలిపారా వేరుగా ఉంచారా అన్నది ఈ తేడాకి ఒక కారణం. రెండు దేశాలను పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే చోటి నుంచి తీసుకోండి. ఒకటి దేశం సొంత నివేదికలోంచి, ఇంకోటి అంతర్జాతీయ డేటాబేసులోంచి తీసి పక్కపక్కన పెడితే ప్రాజెక్టు మొదటి పేజీలోనే దెబ్బతింటుంది.

గీత అంటూ ఒకటి కావాలంటే నేను చూపించేది ఇది. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి కట్టే వాటా 15 నుంచి 20 శాతానికి దిగిన దేశాల్లో, వైద్యం వల్ల కుటుంబాలు ఆర్థికంగా కుదేలయ్యే సందర్భాలు చాలా తగ్గిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నివేదికలో చెప్పింది. ఒక కుటుంబం తన ఏడాది ఖర్చులో 10 శాతానికి మించి వైద్యానికి పెట్టాల్సి వస్తే దాన్ని మోయలేని ఖర్చుగా లెక్కిస్తారు. 25 శాతంతో ఇంకో గీత కూడా వాడతారు. 2019లో ఇలాంటి భారం వల్ల గానీ, వైద్యం ఖర్చు పేదరికంలోకి నెట్టడం వల్ల గానీ ఇబ్బంది పడినవాళ్లు ప్రపంచంలో 200 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి తేల్చాయి.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్కసారి దగ్గరగా చూస్తే మీకు చాలా విషయాలు అర్థమవుతాయి. చాలా ఏళ్ల కిందట సర్వే సిబ్బందికి శిక్షణ ఇస్తూ నేనే ఒక ఇంటికి ఫారం పట్టుకుని వెళ్లాను. ఆ ఇంటావిడ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చాప మీద గుమ్మరించింది. ప్రిస్క్రిప్షన్లు, ఎక్స్‌రే, బిల్లులు. సగం బిల్లుల మీద అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితాలు మిగిలాయి. గడిచిన 365 రోజుల్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరారా అని అడిగాను. ఆయన చేరాడు, నాలుగు రోజులు, పథకం కింద ఆపరేషన్ అయింది, పెద్దగా ఏమీ కట్టలేదు అంది. రాసుకున్నాను. గడిచిన 15 రోజుల్లో ఎవరికైనా వైద్యం చేయించారా అని అడిగాను. ఇద్దరికీ బీపీ, షుగరు బిళ్లలు, నెలనెలా కొనేవే. ఎంతవుతుంది అని అడిగితే ఆవిడ కాస్త తటపటాయించి, "ఈ నెల తక్కువే సార్, సగం సగం విరిచి వేసుకుంటున్నాం" అంది.

నా ఫారంలో సగం బిళ్లకు గడి లేదు. ఆ ఇంటి ఖర్చు తక్కువగా నమోదైంది. లెక్కలో అది మెరుగుదలగా కనిపిస్తుంది. జేబు ఖర్చు తగ్గిందని ఎవరైనా చెప్పినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఖర్చు తగ్గడానికి రెండు దారులున్నాయి. ప్రభుత్వం కట్టడం ఒకటి, జనం వైద్యం మానుకోవడం ఇంకోటి. సర్వే అంకె ఈ రెండింటినీ ఒకేలా చూపిస్తుంది.

భారతదేశం అంకెలు చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం. 2017-18లో 48.8. 2021-22లో 39.4. చూడటానికి గొప్ప మార్పు, అందులో నిజం కూడా చాలా ఉంది. మొత్తం ఆరోగ్య ఖర్చులో ప్రభుత్వ వాటా ఇదే కాలంలో 28.6 నుంచి 48 శాతానికి చేరింది. అయితే 48.8 దగ్గర కనిపించే పెద్ద దిగుడు ఒక కొత్త సర్వే చేతికి వచ్చినప్పుడు వచ్చింది. 2017-18 నాటి ఆ సర్వేలో వైద్యానికి వెళ్లామని చెప్పినవాళ్లే అంతకు ముందు సర్వే కంటే తగ్గారు. ఆ తర్వాతి ఏళ్ల లెక్కలకూ ఆ సర్వేనే ఆధారం, దాన్ని కాలానికి తగ్గట్టు సవరించి పొడిగించారు. అంటే 2017-18 తర్వాత ఇళ్లలో నిజంగా ఏం మారిందో ఆ గీతలో పూర్తిగా కనపడదు. దిశ సరైనదేనని నేను నమ్ముతాను, వేగం మీద మాత్రం అంత భరోసా ఇవ్వలేను.

ఇప్పుడు వేరే దేశాలు. నేను ఎక్కువగా చెప్పేది థాయిలాండ్ గురించే, ఎందుకంటే డబ్బున్నాకే అందరికీ వైద్యం అనే వాదాన్ని ఆ దేశం చేతల్లో తోసిపుచ్చింది. 2002లో అక్కడ అందరికీ ఆరోగ్య రక్షణ పథకం దేశమంతటా అమల్లోకి వచ్చింది. అప్పటికి వాళ్ల తలసరి ఆదాయం ఏడాదికి రెండు వేల డాలర్ల దరిదాపుల్లోనే. అప్పట్లో ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాత్ (బాత్ అంటే అక్కడి కరెన్సీ) కట్టాలి, అంతే. దాంతో అది 30 బాత్ పథకంగా పేరుపడింది. ఉద్యోగుల పథకాల్లో లేని సుమారు 4.7 కోట్ల మంది దాని కిందికి వచ్చారు. 2000 ప్రాంతంలో మూడో వంతు ఉన్న జేబు ఖర్చు వాటా ఇప్పుడు పదో వంతు దగ్గరికి దిగింది. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చు మాత్రం చాలాకాలం జీడీపీలో 4 శాతం అటూ ఇటూగానే ఉంది.

ఎలా సాధ్యమైంది? అందరూ బీమా గురించి మాట్లాడతారు, నేను మాత్రం అంతకు ముందు ఇరవై ఏళ్ల గురించి మాట్లాడతాను. 1970ల నుంచే చదువు పూర్తయిన డాక్టర్లు గ్రామీణ సేవ చేయాలనే నియమం పెట్టారు. 1980ల మొదట్లో కొన్నేళ్లు పట్నం ఆస్పత్రుల విస్తరణ ఆపి ఆ డబ్బుని జిల్లా, కింది స్థాయి ఆస్పత్రులకు మళ్లించారు. 2002లో కార్డు చేతికి వచ్చిన రోజున ఆ కార్డు తీసుకుని వెళ్లడానికి దగ్గర్లో ఆస్పత్రి ఉంది, అందులో డాక్టరు ఉన్నాడు. ఇది లేకుండా కార్డులు పంచిన దేశాలు చాలా ఉన్నాయి.

రెండోది చెల్లించే పద్ధతి. ఆస్పత్రికి ఒక్కో పనికి ఒక్కో బిల్లు కట్టలేదు. మీ పరిధిలో ఇంతమంది పేర్లు నమోదై ఉన్నారు, తలకి ఏడాదికి ఇంత, వాళ్లకు కావలసిన ఓపీ వైద్యం మీరే చూసుకోవాలి అన్నారు. ఇన్‌పేషెంట్ వైద్యానికి జబ్బు రకాన్ని బట్టి ఒక్కో కేసుకి ఇంత అని, దేశం మొత్తానికి ఒక పరిమితిలో చెల్లించారు. ఎక్కువ టెస్టులు రాస్తే ఎక్కువ డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. అదే దేశంలో ప్రభుత్వ ఉద్యోగుల పథకం చాలాకాలం బిల్లు ఎంతయితే అంత కట్టే పద్ధతిలోనే నడిచింది. అక్కడ తలసరి ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ అయింది. ఒకే దేశం, అవే మందులు, చెల్లించే తీరు వేరు. చెల్లింపు పద్ధతి ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన పోలిక నాకు దొరకలేదు.

మూడోది, దేనికి డబ్బు కట్టాలి, దేనికి కట్టకూడదు అని బహిరంగంగా తేల్చుకునే ఏర్పాటు. 2002లో డయాలసిస్‌ని పథకంలో చేర్చలేదు, అంత డబ్బు లేదని. అది చాలా బాధాకరమైన నిర్ణయం. రోగులు పోరాడారు. 2008లో ఇంట్లోనే చేసుకోగలిగే పొట్ట డయాలసిస్‌కి ముందు ప్రాధాన్యం ఇస్తూ చేర్చారు. అదే కాలంలో, 2007లో, హైటాప్ అనే సంస్థ ఏర్పడింది. కొత్త మందు గానీ పరీక్ష గానీ వస్తే దాని ఖరీదుకి తగ్గ ఆరోగ్యం దక్కుతుందా అని లెక్కలు కట్టి చెప్పడం దాని పని. కాదు అని చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ కారణం చూపి కాదు అనే ధైర్యం లేని చోట డబ్బు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల జబ్బుకి వెళ్తుంది.

చైనా కథ వేరు. 1980లలో కమ్యూన్లు, అంటే ఊళ్లలోని ఉమ్మడి వ్యవసాయ సంఘాలు, రద్దయ్యాక ఊళ్లలోని పాత సహకార వైద్యం దాదాపు కూలిపోయింది. ప్రభుత్వ ఆస్పత్రులకు బడ్జెట్ తగ్గించి, మందుల మీద 15 శాతం లాభం వేసుకుని బతకండి అన్నారు. ఫలితం ఊహించవచ్చు. ఖరీదైన మందు రాస్తే ఆస్పత్రికి ఎక్కువ లాభం. 2001 నాటికి ఆరోగ్య ఖర్చులో 60 శాతం జనం జేబులోంచే పోతోంది. 2003లో గ్రామీణ సహకార బీమా, 2007లో పట్టణాల్లో ఉద్యోగం లేనివాళ్లకి బీమా, 2009లో పెద్ద సంస్కరణ, మూడేళ్లకు 85,000 కోట్ల యువాన్ల కేటాయింపు. 2011కల్లా జనాభాలో 95 శాతం ఏదో ఒక బీమా కిందికి వచ్చారు. ఇప్పుడు వాళ్ల సొంత లెక్కల ప్రకారం జేబు ఖర్చు వాటా 30 శాతం లోపే.

అయితే వాటా తగ్గింది గానీ మొత్తం చాలా పెరిగింది కాబట్టి జనం కట్టే డబ్బేమీ తగ్గలేదు. ఇది మీరు తప్పకుండా రాయాలి. వందలో అరవై కట్టే మనిషి ఇప్పుడు నాలుగొందల్లో ముప్పై శాతం కడితే నూట ఇరవై అవుతుంది. మందుల మీద లాభం వేసుకునే పద్ధతిని 2017 నాటికి ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో రద్దు చేశారు. 2018లో 11 నగరాల తరఫున కలిపి టెండరు పిలిచి 25 మందుల ధరలు ఖరారు చేశారు. ధరలు సగటున 52 శాతం పడిపోయాయి. ఇంత కొంటామని ముందే ఖాయంగా చెప్పి బేరం ఆడితే ఏమవుతుందో అందరికీ తెలిసింది. ఆ పద్ధతిని తర్వాత దేశమంతా విస్తరించారు.

వెనక్కి వచ్చిన దేశం మెక్సికో. 2004లో మొదలైన సెగూరో పాపులర్ అనే బీమా, ఉద్యోగ బీమా లేని 5 కోట్ల మందికి పైగా రక్షణ ఇచ్చింది. దానిలో లోపాలున్నాయి, కొన్ని రాష్ట్రాల్లో డబ్బు దుర్వినియోగం అయిందన్న ఆరోపణలూ ఉన్నాయి. 2020 జనవరి నుంచి దాన్ని తీసేసి ఇన్సాబీ అనే కొత్త సంస్థ పెట్టారు, మూడేళ్లకే దాన్నీ మూసేశారు. ఆ దేశపు సామాజిక విధానాల మూల్యాంకన సంస్థ లెక్కల్లో ఆరోగ్య సేవలు అందుబాటులో లేనివాళ్లు 2018లో 16.2 శాతం, 2020లో 28.2, 2022లో 39.1. నాలుగేళ్లలో రెట్టింపు దాటింది. కోవిడ్ కూడా ఒక కారణమే, కానీ కొత్తది నిలబడకముందే పాతది కూల్చడం ప్రధాన కారణమని నా అభిప్రాయం.

మిగతావాటిని క్లుప్తంగా చెబుతాను. బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోనే ఆరోగ్యాన్ని హక్కుగా రాసుకుని అందరికీ ఉచిత వ్యవస్థ కట్టింది, అయినా మొత్తం ఖర్చులో ప్రభుత్వ వాటా సగం లోపే, జనాభాలో నాలుగో వంతు ప్రైవేటు ప్లాన్లలో ఉన్నారు. దక్షిణాఫ్రికాలో జేబు ఖర్చు తక్కువే, కానీ దేశం ఆరోగ్య ఖర్చులో దాదాపు సగం ప్రైవేటు రంగంలో, జనాభాలో ఆరో వంతు కోసం పోతుంది. ఉమ్మడి సంచి రెండుగా చీలితే ఏమవుతుందో అక్కడ చూడాలి. 2024 మేలో జాతీయ ఆరోగ్య బీమా చట్టం మీద సంతకం అయింది గానీ అమలు దారి చాలా పొడుగు. ఇండోనేషియా 2014లో ఒకే జాతీయ బీమా సంస్థ పెట్టి జనాభాలో 95 శాతానికి పైగా చేర్చింది, ఖర్చు మాత్రం జీడీపీలో 3 శాతం దగ్గరే, మొదటి ఏళ్లలో ఆ సంస్థ లోటుతో నడిచింది. టర్కీ 2003 నుంచి చేసిన మార్పులతో జేబు ఖర్చు వాటాని 20 శాతం లోపుకి దించింది. నైజీరియాలో ఇప్పటికీ 70 శాతం పైనే. ఆఫ్రికా దేశాలు బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని 2001లో మాట ఇచ్చుకున్నది ఆ దేశ రాజధాని అబుజాలోనే.

ఈజిప్టుని మాత్రం విడిగా చెప్పాలి. హెపటైటిస్ సి ఆ దేశాన్ని పీడించిన జబ్బు. దాన్ని నయం చేసే సోఫోస్బువిర్ అనే మందు వచ్చినప్పుడు అమెరికాలో ఒక కోర్సు ధర 84,000 డాలర్లు. ఈజిప్టు ముందు 900 డాలర్లకు బేరం ఆడింది, తర్వాత స్థానిక కంపెనీలు తయారుచేయడంతో అది వంద డాలర్ల లోపుకి దిగింది. 2018-19లో ఏడు నెలల్లో సుమారు 5 కోట్ల మందికి పరీక్షలు చేశారు, జబ్బు తేలినవాళ్లకు ఉచితంగా మందులిచ్చారు. కాలేయం చెడిపోయాక ఏళ్ల తరబడి పెట్టాల్సిన ఖర్చుని ముందే చిన్న ఖర్చుతో ఆపారు. ఆ ఏడాది ఆరోగ్య బడ్జెట్ పెరగడం చూసి ఖర్చు అదుపు తప్పిందని ఎవరైనా రాస్తే అది ఎంత పొరపాటో చూడండి.

మీ మూడో ప్రశ్నకి వస్తాను. పథకాలుండగా అప్పులెందుకు? నా సమాధానం ఒక్క ముక్కలో చెప్పాలంటే, పథకాలు మంచం దగ్గర మొదలవుతాయి, ఖర్చు మందుల షాపు దగ్గర జరుగుతుంది. భారతదేశంలో 2018 సెప్టెంబరులో మొదలైన పీఎంజేఏవై, అంటే ఆయుష్మాన్ భారత్ కింద వచ్చే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది. పెద్ద ఆపరేషన్ వచ్చినప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆస్పత్రిలో చేరితేనే. చేరడానికి మూడు రోజుల ముందు, డిశ్చార్జి తర్వాత 15 రోజులు, అంతవరకే. పదహారో రోజు నుంచి బిళ్లలు ఎవరు కొంటారు? ఓపీ ఫీజు, టెస్టులు, నెలవారీ మందులు కుటుంబం మీదే. జేబు ఖర్చులో పెద్ద భాగం ఈ మందులదే.

మా మేనమామకి కిడ్నీలు పాడయ్యాక ఇది నేను ఇంట్లోనే చూశాను. వారానికి మూడుసార్లు డయాలసిస్, పథకం కిందే, పైసా కట్టలేదు. కానీ రక్తం పట్టడానికి ఇచ్చే ఇంజెక్షన్లు బయట కొనాలి. నెలకోసారి రక్త పరీక్షలు బయట చేయించాలి. వారానికి మూడుసార్లు రానూపోనూ బండి కట్టించుకోవాలి. తోడు వెళ్లే కొడుకు ఆ మూడు రోజులూ పనికి వెళ్లలేడు. ఏడాది తిరిగేసరికి మా అత్తయ్య గాజులు బ్యాంకులో ఉన్నాయి. ప్రభుత్వ లెక్కలో ఆయన ఉచితంగా వైద్యం పొందిన రోగి. అది అబద్ధం కాదు, సగం నిజం. కొడుకు పోగొట్టుకున్న కూలి ఏ దేశపు ఆరోగ్య ఖాతాలోనూ ఉండదు. ఎప్పుడు ఏ టెస్టు రాస్తారో అన్న టెన్షన్‌తోనే ఆ ఇల్లు నడిచింది.

ఇంకో ఖాళీ మధ్యలో ఉన్నవాళ్లది. పేదలకు ప్రభుత్వ పథకం, సంఘటిత ఉద్యోగులకు వాళ్ల బీమా. చిన్న వ్యాపారులు, చిన్న రైతులు, సొంతంగా పని చేసుకునేవాళ్లు రెంటికీ చెందరు. భారత జనాభాలో కనీసం 30 శాతం, అంటే 40 కోట్ల మందికి ఏ ఆరోగ్య రక్షణా లేదని నీతి ఆయోగ్ 2021లో రాసింది. ఇది ఒక్క భారతదేశం సమస్య కాదు. జీతం చీటీ లేని పనివాళ్లు ఎక్కువగా ఉన్న ప్రతి దేశంలోనూ ఈ మధ్యవాళ్లే ఆఖరున మిగులుతారు, ఎందుకంటే వాళ్ల జీతంలోంచి చందా కోయడానికి జీతమే కనపడదు. థాయిలాండ్ ఇలాంటి మధ్యవాళ్ల దగ్గర చందా వసూలు చేసే ప్రయత్నమే మానేసి సాధారణ పన్నుల నుంచి కట్టేసింది. నాకు తెలిసినంతలో మిగతా దేశాలకూ అదే తేలికైన దారి.

మందుల విషయంలో చేయగలిగింది చాలా ఉంది, అది మరీ ఖరీదైనదీ కాదు. తమిళనాడు 1990ల మధ్యలో మందుల కొనుగోలుకి ఒక ప్రత్యేక సంస్థ పెట్టి, రాష్ట్రం మొత్తానికి కలిపి టెండరు పిలిచి, గోదాముల్లో నిల్వ చూసుకుంటూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తోంది. రాజస్థాన్ 2011లో అదే దారి పట్టింది. బీపీ, షుగరు బిళ్లలు జెనరిక్‌గా, టోకున కొంటే చాలా చవక. అవి ఇవ్వకపోతే వచ్చే పక్షవాతానికీ, డయాలసిస్‌కీ అదే ప్రభుత్వం లక్షలు కడుతుంది. నా కోపం ఇక్కడే. ఆపరేషన్‌కి డబ్బు ఇచ్చినప్పుడు ఫొటో వస్తుంది, బిళ్ల ఇచ్చినప్పుడు రాదు.

రాబోయే పదేళ్లలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వృద్ధులు పెరుగుతారు, క్యాన్సర్ కొత్త మందుల ధరలు ధనిక దేశాల స్థాయిలో వస్తాయి. ఇంకో వైపు అప్పుల వడ్డీ. ఆరోగ్యానికి గానీ చదువుకి గానీ పెట్టే దానికంటే వడ్డీకి ఎక్కువ కట్టే దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ 2024లో లెక్క చెప్పింది. కోవిడ్ రెండేళ్లలో పెరిగిన ప్రభుత్వ ఆరోగ్య ఖర్చు ఆ తర్వాత చాలా చోట్ల వెనక్కి తగ్గింది. భారతదేశం 2017 ఆరోగ్య విధానంలో, 2025 నాటికి ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతం చేయాలని రాసుకుంది. 2021-22లో, అదీ కోవిడ్ ఖర్చు కలిపి, 1.84 శాతం దగ్గర ఉంది.

ప్రాజెక్టుకి నా సలహా. పది దేశాలు తీసుకోకండి. ఒకటి లేదా రెండు తీసుకుని 2000 నుంచి మూడు వరుసలు గీయండి. తలసరి ఆరోగ్య ఖర్చు, ధరల పెరుగుదల తీసేశాక. మొత్తంలో జేబు ఖర్చు వాటా. మూడోది తలసరి జేబు ఖర్చు, వాటాగా కాకుండా నేరుగా డబ్బుగా. రెండో వరుస దిగుతూ మూడోది ఎక్కుతుంటే చైనాలో జరిగిందే అక్కడా జరుగుతోందని అర్థం. ఆ తర్వాత జేబు ఖర్చుని ఓపీ, ఇన్‌పేషెంట్, మందులు అని విడగొట్టండి. చివరగా, ఇంటింటి సర్వేల్లో సాధారణంగా ఇంకో ప్రశ్న ఉంటుంది: జబ్బు చేసినా వైద్యానికి ఎందుకు వెళ్లలేదు అని. డబ్బు లేక వెళ్లలేదు అన్నవాళ్ల శాతం తీసి ఆ మూడు గీతల కింద నాలుగో గీతగా పెట్టండి. అది చూడకుండా ఖర్చు తగ్గిందని మాత్రం రాయకండి. డేటా దగ్గర ఎక్కడైనా ఆగిపోతే అడగండి, ఏ పట్టికలో ఏముంటుందో చెబుతాను.